విదేశాల్లో కనుమరుగవుతున్న అభిరుచి పత్రికలు

సంపాదకులకు నమస్కారములు.

ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్లే తెలుగువారు అక్కడ ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, పిల్లలకు బడి ఎంత దూరం, సోనామసూరి బియ్యం ఏ కొట్టులో అమ్ముతారు అన్న సంగతులన్నీ విమానం ఎక్కకముందే విచారించుకుంటారు గానీ, స్వదేశంలో ఏళ్ల తరబడి పెంచుకున్న అభిరుచిని కొత్త ఊళ్లో ఎలా నిలుపుకోవాలన్నది ఎవరికీ పెద్దగా తోచదు. చాలాకాలంగా సింగపూర్‌లో ఉంటున్న నాకు ఆకాశ వీక్షణం మీద చిన్ననాటి నుంచీ మక్కువ. ఆ మక్కువ కోసం ఇక్కడికి దిగుమతయ్యే ఖగోళ పత్రికలను వెతుక్కుంటూ వస్తున్నాను. ఆ వెతుకులాట ఏడాదికేడాది కష్టమవుతోంది. దీనికి కారణాలేమిటో, మన గ్రంథాలయాలకూ ప్రవాసులకూ ఇందులో చేయగలిగిన పని ఏమిటో మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు ఉంచదలచాను.

సింగపూర్‌లో హాలండ్ విలేజ్ అనే పేట ఉంది. అక్కడి తంబి మ్యాగజైన్ స్టోర్ 2024 మే మొదటివారంలో మూతపడింది. ఎనభై ఏళ్లకు పైబడిన కుటుంబ వ్యాపారం అది. నడవలోకి చొచ్చుకొచ్చిన ఇనుప అరల్లో పడవలు, చేతి గడియారాలు, బొమ్మ విమానాలు, తోటపని, అల్లికలు, ఫొటోగ్రఫీ, వడ్రంగం, ఇలా మనిషి తీరిక వేళల్లో చేసే ప్రతి పనికీ ఏదో ఒక దేశపు పత్రిక అక్కడ కనబడేది. కరోనా తర్వాత కొనుగోళ్లు తగ్గడం, చదివేవారు ఫోన్లకు మళ్లడం వల్ల అంత పాత దుకాణం కూడా నిలవలేకపోయింది. అంతకు ముందే, 1997లో ఆర్చర్డ్ రోడ్డులో మొదలై ఎందరికో పత్రికలను తీరిగ్గా తిరగేసే అలవాటు చేసిన బోర్డర్స్ పుస్తకాల అంగడి 2011లో వెళ్లిపోయింది. ప్రస్తుతం ఈ నగరంలో దిగుమతి పత్రికలకు చెప్పుకోదగ్గ చోటు నీ ఆన్ సిటీ భవనంలోని కినొకునియా అనే జపాన్ పుస్తకాల దుకాణం ఒక్కటే అనిపిస్తుంది. దుబాయ్‌లో ఉన్న మనవారికి కూడా దుబాయ్ మాల్‌లో అదే సంస్థ నడిపే పెద్ద దుకాణం ఉంది. ఆ మాత్రం కూడా లేని నగరాల్లో ఉండే తెలుగువారే ఎక్కువ.

దిగుమతి పత్రిక ఎందుకంత ఖరీదో, ఎందుకు రెండు మూడు ప్రతులకు మించి రాదో తెలిస్తే దుకాణదారు మీద విసుగు కలగదు. అమెరికాలో పత్రికల వ్యాపారం మిగులు ప్రతుల వాపసు మీద నడుస్తుంది. అమ్ముడుపోని ప్రతుల అట్టలు చించి లెక్క చూపిస్తే దుకాణదారుకు ఆ డబ్బు జమ అవుతుంది, మిగిలిన కాగితం గుజ్జుగా మారుతుంది. సముద్రం దాటి వచ్చే సరుకుకు ఆ వెసులుబాటు తక్కువ. రవాణా ఖర్చు ఎలాగూ తప్పదు, అమ్ముడు కాకపోతే నష్టం ఇక్కడి పంపిణీదారుదే. అందువల్ల అతడు ఖచ్చితంగా అమ్ముడవుతాయనుకున్న ప్రతులనే తెప్పిస్తాడు. క్రమం తప్పకుండా కొనే ఇద్దరు ముగ్గురు మానేస్తే, ఆ శీర్షికను జాబితా నుంచి కొట్టేయడం తప్ప అతనికి మరో దారి ఉండదు. ఫ్యాషన్ పత్రికకు దారిన పోయేవారూ గిరాకీలే. దూరదర్శినుల పత్రికకు మాత్రం ఆ ఇద్దరు ముగ్గురే ఆధారం.

ఖగోళ పత్రికలకు మరో ఇబ్బంది ఉంది. అల్లికల పత్రిక మూడు నెలలు ఆలస్యంగా వచ్చినా అందులోని నమూనా పాతబడదు. ఆకాశ పటం అలా కాదు. ఆ నెల రాత్రుల కోసం గీసిన పటం ఆ నెల దాటితే పనికిరాదు. గురుగ్రహపు ఉపగ్రహాల నీడలు గ్రహబింబం మీద ఏ రాత్రి ఏ వేళకు పడతాయో చెప్పే పట్టిక మరుసటి నెలలో చేతికి వస్తే దానితో చేసేదేమీ ఉండదు. ఆ పట్టికల్లో వేళలన్నీ సార్వత్రిక కాలమానంలో, అంటే గ్రీనిచ్ వేళలో ఉంటాయి. 14.30 అని ఉంటే సింగపూర్‌లో రాత్రి 10.30, హైదరాబాద్‌లో రాత్రి 8.00 అని ఎవరి లెక్క వారు వేసుకోవాలి. పత్రిక వేళకు అందితే ఈ లెక్క కట్టడం కూడా ఒక ఆనందమే. అమెరికాలో చందాదారుకు అట్ట మీది నెల మొదలవకముందే ప్రతి చేరుతుంది. ఇక్కడ దుకాణంలో అదే సంచిక ఆ నెల సగం గడిచాక, ఒక్కోసారి నెల పూర్తిగా దాటాక కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది అక్షాంశాల సంగతి. ఆ పత్రికల నడిమి పుటల్లో వచ్చే ఆకాశ పటాన్ని సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద నిలబడి చూసేవారి కోసం గీస్తారు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తరాన ఉంటే, సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ చిల్లర పైన మాత్రమే ఉంది. నక్షత్రాల్లో సిరియస్ తర్వాత అంతటి ప్రకాశం గల అగస్త్య నక్షత్రం ఆ అమెరికా పటంలో అసలు ఉండదు, ఎందుకంటే 40 డిగ్రీల వద్ద అది క్షితిజం పైకి రానే రాదు. హైదరాబాద్‌లో అది దక్షిణాన 20 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, సింగపూర్‌లో 36 డిగ్రీల దాకా లేస్తుంది. మనవాళ్లు త్రిశంకు అని పిలుచుకునే నక్షత్ర మండలానిదీ ఇదే కథ. ధ్రువ నక్షత్రం మాత్రం ఇక్కడ క్షితిజాన్ని దాదాపుగా తాకుతూ, భవనాల వెనుక, మబ్బుల వెనుక దాగి ఉంటుంది. అందుచేత నేను అమెరికా పత్రికతో పాటు, స్కై అండ్ టెలిస్కోప్ అనే అమెరికా ఖగోళ పత్రికకు ఆస్ట్రేలియా పాఠకుల కోసం వెలువడిన సంచిక దొరికినప్పుడల్లా దాన్నీ కొనేవాణ్ని. ఉత్తర దిక్కుకు ఒక పటం, దక్షిణ దిక్కుకు మరో పటం బల్ల మీద పక్కపక్కన పరిచి, రెండూ కలిసే చోట పెన్సిల్‌తో గీత గీసుకుంటే భూమధ్యరేఖ మీది ఆకాశం పూర్తిగా తయారవుతుంది. జపాన్ దుకాణం కావడం వల్ల కినొకునియాలో 1965 నుంచి వెలువడుతున్న టెన్మోన్ గైడ్ అనే జపాన్ ఖగోళ పత్రిక కూడా కనిపిస్తుంది. జపనీస్ చదవడం రానివారికి కూడా అందులోని పటాలూ ఛాయాచిత్రాలూ చక్కగా బోధపడతాయి. ఏ ఒక్క దేశపు పత్రికా మన ఆకాశానికి పూర్తిగా సరిపోదు కాబట్టే, వేర్వేరు దేశాల పత్రికలు ఒకే అరలో ఉండడం ప్రవాసులకు అంత అవసరం.

చందా కట్టి పోస్టులో తెప్పించుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఓడలో నెమ్మదిగా వచ్చినా చవకగా వచ్చే అంతర్జాతీయ టపాను అమెరికా తపాలా శాఖ 2007లో ఆపివేసింది. అప్పటి నుంచి విమానంలోనే రావాలి, ఆ ఖర్చు చందాలో కలుస్తుంది. వచ్చిన ప్రతి కూడా అపార్ట్‌మెంట్ ఉత్తరాల పెట్టెలో పట్టక, సగానికి మడిచి కుక్కినట్లు ఉంటుంది. సరిగ్గా నడి పుటల్లోని పటం మీదే ఆ మడత పడుతుంది.

డిజిటల్ ప్రతుల విలువను నేను తక్కువ చేయడం లేదు. సింగపూర్ జాతీయ గ్రంథాలయ మండలి సభ్యులు లిబ్బీ, ప్రెస్‌రీడర్ యాప్‌లలో ఎన్నో దేశాల పత్రికలను విడిగా డబ్బు చెల్లించకుండా చదువుకోవచ్చు. అవి ఆలస్యం లేకుండా వస్తాయి. విదేశీయులు ఏడాదికి కొంత సభ్యత్వ రుసుము కట్టవలసి వచ్చినా, కొత్తగా వచ్చే తెలుగువారందరికీ ఆ కార్డు తీసుకోమనే నేను చెబుతాను. అయితే ఆకాశం చూసేవారికి కాగితంతో ఒక నిజమైన అవసరం ఉంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఫోన్ తెర వెలుగు ఒక్కసారి పడితే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటి నుంచి వేచి ఉండాలి. అందుకే మేము టార్చి మీద ఎర్ర కాగితం చుట్టి, ఆ మసక వెలుగులో కాగితపు పటాన్ని చూసుకుంటాము. నగర దీపాల కాంతికి దూరంగా, సరిహద్దు దాటి మలేషియా తూర్పు తీరానికి వెళ్లి చూసే రాత్రుల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ పత్రికల యాజమాన్యాలు కూడా స్థిరంగా లేవు. 1941లో మొదలైన స్కై అండ్ టెలిస్కోప్ యజమాని సంస్థ 2019లో దివాలా తీస్తే, అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ దాన్ని కొని నిలబెట్టింది. 1973లో పుట్టిన ఆస్ట్రానమీ పత్రిక, 1934 నాటి బొమ్మ రైళ్ల పత్రిక మోడల్ రైల్‌రోడర్‌తో సహా, 2024లో కొత్త యాజమాన్యం చేతిలోకి వెళ్లింది. చేతులు మారే ప్రతిసారీ ముందుగా తగ్గేది విదేశాలకు వెళ్లే ప్రతుల సంఖ్యేనేమో అని మాలాంటి వారికి భయంగా ఉంటుంది.

ఈ విషయం తెలుగు పత్రికకు ఎందుకు రాస్తున్నానంటే, నా అభిరుచికి పునాది తెలంగాణలోనే పడింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా నల్లగొండ జిల్లా మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్–రంగాపూర్ వేధశాల ఆ సంపూర్ణ ఛాయా మార్గంలోనే ఉంది. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న ఆ పూట పెరట్లో నిలబడి చూసిన పిల్లల్లో నేనూ ఒకణ్ని. తరువాత హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో, ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల మధ్య అట్టలు ఊడిన అమెరికా ఖగోళ పత్రికలు తక్కువ ధరకు దొరికేవి. ఏ విదేశీయుడి ఇంట్లోంచి వచ్చాయో తెలియని ఆ పాత సంచికలే నాకు తొలి పాఠాలు. మన హైదరాబాద్‌లో పెరిగి, తండ్రి పనిచేసిన నిజామియా వేధశాలలో ఆకాశాన్ని చూడడం నేర్చిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు, 1949లో హార్వర్డ్‌లో ఉండగా తోకచుక్కను కనుగొన్నారు. అప్పట్లో స్కై అండ్ టెలిస్కోప్ కార్యాలయం కూడా ఆ హార్వర్డ్ వేధశాలలోనే ఉండేది. పరికరాలకూ పత్రికలకూ అందుబాటులో ఉన్న ఒక కుర్రవాడు ఎంత దూరం వెళ్లగలడో చెప్పడానికి మనకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు నల్లగొండలో గానీ, ఒంగోలులో గానీ ఆకాశం మీద ఆసక్తి గల విద్యార్థికి జన విజ్ఞాన వేదిక వెలువరించే పిల్లల సైన్స్ పత్రిక చెకుముకి అందితే అందుతుంది. దాన్ని దాటాక నెలనెలా చదువుకోవడానికి అతనికేముంది? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలు చేసే ఏర్పాటు 1960 నాటి చట్టం నుంచీ ఉంది. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు వేళకు చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. చేరిన దానిలో కొంత పోటీ పరీక్షల పుస్తకాలకు పోతోంది. ఉద్యోగార్థుల అవసరాన్ని నేను కాదనను. కానీ ఒక్కో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఏడాదికి రెండో మూడో అభిరుచి పత్రికలకు, అది ఖగోళమైనా, హామ్ రేడియో అయినా, చదరంగమైనా, చందా కట్టడం తలకు మించిన భారం కాదు. విదేశీ చందా కట్టడంలో కార్యాలయ నిబంధనల చిక్కులుంటే, ఆ పని ప్రవాసులకు అప్పగించవచ్చు. ఒకరు డబ్బు కట్టి మరొకరి చిరునామాకు పత్రిక పంపించే సదుపాయం చాలా పెద్ద ప్రచురణ సంస్థల్లో ఉంది. గుడికి, బడికి విరాళాలిచ్చే ప్రవాస తెలుగు సంఘాలు తమ జిల్లా గ్రంథాలయం పేరిట ఏటా ఒక చందా కట్టడం మొదలుపెడితే, విదేశంలో మేము దుకాణాల చుట్టూ తిరిగి సంపాదించుకునేది అక్కడి పిల్లలకు ఊళ్లోనే దొరుకుతుంది. పటాల్లో అగస్త్యుడు కనిపించకపోవడానికి కారణం చెప్పే ఒక చిన్న తెలుగు కాగితాన్ని గ్రంథపాలకులు ప్రతి సంచికకూ జతచేస్తే ఇంకా మేలు. అది రాసిపెట్టడానికి నాలాంటివారు సిద్ధంగా ఉంటారు.

సింగపూర్‌లో కొని దాచిన ఖగోళ పత్రికల సంపుటాలు నా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. నెలవారీ పటాలు పాతబడినా, దూరదర్శినితో ఏమేమి చూడవచ్చో, దాని అద్దం ఎలా అరగదీయాలో, ఛాయాచిత్రం ఎలా తీయాలో చెప్పే వ్యాసాలు ఇప్పటికీ పనికొస్తాయి. ఏ జిల్లా గ్రంథాలయమైనా వాటిని తీసుకుని, గోదాములో కాకుండా పాఠకుల చేతికి అందే అరల్లో ఉంచుతామని చెబితే, ఓడ ఖర్చుతో సహా నేనే భరించి పంపిస్తాను. అటువంటి గ్రంథాలయాలు మీ కార్యాలయానికి రాస్తే, ఆ సమాచారాన్ని నాకు చేరవేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
నల్లగొండ జిల్లాకు చెందిన ఒక పాఠకుడు,
సింగపూర్