రైఫిల్ కాల్చిన ప్రతి కుర్రాడూ గన్నర్ కాడు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ చెన్నై ఎడిషన్‌లో నేవీ అగ్నివీర్ల మీద వేసిన ఐటమ్ చదివినప్పట్నుంచీ మనసు ఊరుకోవట్లేదు, ఆలస్యమైనా రాస్తున్నా. రైఫిల్ పట్టుకున్న పిల్లల ఫోటో వేసి కింద "గన్నరీ శిక్షణ పూర్తి" అని రాసేశారు. అది గన్నరీ కాదండీ, రైఫిల్ ఫైరింగ్. గన్నరీ అంటే ఓడ మీద పెద్ద ఫిరంగులు నడిపే విద్య. నేను నేవీ గన్నరీ బ్రాంచిలోనే పనిచేసి రిటైరై విల్లివాక్కంలో ఉంటున్నా కాబట్టి ఇంత బాధ.

ఒడిశాలో ఐఎన్ఎస్ చిల్కా అనే నేవీ ట్రైనింగ్ కేంద్రంలో అగ్నివీర్లకి ఇచ్చేది 16 వారాల మొదటి ట్రైనింగ్. పరేడ్, ఈత, సీమన్‌షిప్ అంటే ఓడ పనులు, వాటితో పాటు ఆయుధం ఎలా పట్టాలి, సేఫ్టీ ఎలా చూసుకోవాలి, రేంజ్‌లో ఎలా కాల్చాలి. ఇదేం చిన్న పని కాదు. 2023 మార్చి 28న మొదటి బ్యాచ్, దాదాపు 2,600 మంది, అందులో 270కి పైగా ఆడపిల్లలు, పొద్దుగూకాక పరేడ్ చేసి బయటికొస్తుంటే గర్వంగా చూశా. కానీ గన్నరీ స్కూలంటే కొచ్చిలో ఉన్న ఐఎన్ఎస్ ద్రోణాచార్య. అదే నెలలో రాష్ట్రపతి ముర్ము గారు స్వయంగా అక్కడికెళ్ళి ప్రెసిడెంట్స్ కలర్ అనే గౌరవ పతాకం ఇచ్చారు. ఆ పేరు మీ వార్తలో ఒక్కచోట కూడా లేదు.

ఓడ మీద 76 ఎంఎం గన్ నిమిషానికి 120 రౌండ్లు కొడుతుంది. కింద ఓడ ఊగుతుంటుంది, ఎదురుగా టార్గెట్ కదులుతుంటుంది, గాలి ఒకపక్కకి లాగుతుంది, బ్యారెల్ అరిగేకొద్దీ షెల్ వేగం తగ్గుతుంది, గురి లెక్క వేసేది ఫైర్ కంట్రోల్ సిస్టమనే యంత్రమే అయినా అది తప్పు చూపిస్తే పట్టుకోవాల్సింది మనిషే కదా. ఫైర్ చేసినా రౌండ్ పేలలేదనుకోండి, కంగారుపడి వెంటనే బ్రీచ్, అంటే గన్ వెనక మూత, తెరిస్తే ప్రాణాలే పోవచ్చు, ఆగాల్సినంత సేపు ఆగాలి, ఆ డ్రిల్ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. 1989లో అమెరికా యుద్ధనౌక అయోవాలో టరెట్, అంటే ఫిరంగులుండే గది, పేలి 47 మంది పోయారు. చనిపోయిన సెయిలర్ల లోనే ఒకడి మీద నెపం వేసి, ఆధారాలు నిలబడక చివరికి ఆ కుటుంబానికి వాళ్ళ నేవీయే విచారం చెప్పుకోవాల్సొచ్చింది.

మద్రాసు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా? 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి దెబ్బ తగలకుండా వెళ్ళిపోయింది, ఒడ్డున ఫిరంగులు ఉండి కూడా. హైకోర్టు గోడ దగ్గర ఆ ఫలకం ఇప్పటికీ ఉంది, ఎంతమంది ఆగి చదువుతున్నారు? అదే 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో కరాచీ మీదకెళ్ళిన మన మిసైల్ బోట్ల వాళ్ళు ముందు సోవియట్ యూనియన్ వెళ్ళి ట్రైనింగ్ అయ్యొచ్చారు, డిసెంబర్ 4న మనం నేవీ డే చేసుకుంటున్నది వాళ్ళ వల్లే.

మీరు రాయాల్సింది అసలు ఇది. అగ్నిపథ్‌లో సర్వీసు నాలుగేళ్ళు, ట్రైనింగ్ కూడా అందులోనే. ఆ తర్వాత 25 శాతానికి మించి ఉంచుకోరు. చిల్కా అయ్యి, బ్రాంచి ట్రైనింగ్ అయ్యి, ఓడెక్కి సీనియర్ల పక్కన నిలబడి చెయ్యి తిరిగేసరికి ఇంటికి పంపిస్తే గన్ దగ్గర ఎప్పుడూ కొత్తవాళ్ళేనా? దీనికి జవాబు పెద్దాఫీసర్లు చెప్పాలి, పత్రికలు అడగాలి. అడగట్లేదు. ప్రెస్ నోట్ వస్తే అచ్చేయడం, ఫోటో వస్తే పెద్దగా వేయడం, అంతే, ఒకప్పుడు డిఫెన్స్ వార్త వస్తే తెలిసినవాళ్ళని ఒక మాట కనుక్కునేవాళ్ళు.

ఇలాంటి వార్తలు చూపించి కోచింగ్ వాళ్ళు డబ్బు గుంజుతున్నారు. మా పక్క వీధిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం ఉంది, వాళ్ళ పిల్లాడి దగ్గర "వెపన్ ట్రైనింగ్" పేరుతో విడిగా ఫీజు తీసుకుని చెక్క తుపాకీతో కవాతు చేయిస్తున్నారు. సెలక్షన్‌లో ఉండేది రాత పరీక్ష, 1.6 కిలోమీటర్ల పరుగు, గుంజీలు, పుష్‌అప్‌లు, మెడికల్. తుపాకీ అక్కడ ఎవరూ అడగరు. వాళ్ళ నాన్న ఆటో నడిపి కడుతున్న డబ్బండీ అది.

దయచేసి సవరణ వేయండి, ఆ ఫోటో వేసిన పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నేవీ గన్నర్,
విల్లివాక్కం, చెన్నై