పద్దెనిమిదో మ్యాచ్ కావాలంటే ముందు జట్టును పెంచండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ తన సీజన్‌ను 17 మ్యాచ్‌ల నుంచి 18కి పెంచాలని చూస్తోందంటూ మీ అమెరికా పేజీలో వేసిన వార్త చదివాను. టీవీ హక్కులు, టికెట్ల ఆదాయం, అభిమానుల సంబరం అన్నీ రాశారు. ఆ అదనపు మ్యాచ్ ఆడేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారో మాత్రం రాయలేదు.

నేను డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే డల్లాస్ కౌబాయ్స్ జట్టు హెడ్ ఆఫీసు మా ఊళ్లోనే. అక్కడ వాళ్లు ప్రాక్టీస్ చేసే ఫోర్డ్ సెంటర్‌లోనే మా పిల్లలు చదివే ప్రభుత్వ హైస్కూళ్లు కూడా మ్యాచ్‌లు ఆడతాయి. అర్లింగ్టన్‌లోని వాళ్ల పెద్ద స్టేడియం కోసం ఆ ఊరి జనం 2004లో ఓటేసి, అమ్మకం పన్ను డాలరుకి అర సెంటు పెంచుకుని మరీ 32.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ప్రజల డబ్బు ఇంత పడ్డాక ‘అది వాళ్ల వ్యాపారం, మనకెందుకు’ అనుకోవడం కుదరదు.

వేసవి శిక్షణకి ఒక్కో జట్టు 90 మందిని పిలుస్తుంది. సీజన్ మొదలయ్యేలోపు ఆ సంఖ్య 53కి రావాలి. ఇదివరకు దశలవారీగా తగ్గించేవాళ్లు. 2023 నుంచి అంతా ఒకే రోజు. 2025లో ఆ రోజు ఆగస్టు 26, డల్లాస్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం మూడు గంటలకి గడువు. 32 జట్లు, ఒక్కో దాంట్లో 37 ఖాళీలు, మొత్తం 1,184. గాయాల జాబితాలో పెట్టేవాళ్లని, ముందే పంపేసినవాళ్లని తీసేసినా వందల మందికి ఒక్క రోజులో పని పోతుంది. కబురు తెచ్చే మనిషిని లాకర్ రూమ్‌లో ‘టర్క్’ అంటారు. కోచ్ పిలుస్తున్నారు, ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) పట్టుకుని రా అంటాడు. ఆ ప్లేబుక్ ఇప్పుడు ట్యాబ్లెట్‌లో ఉంటుంది, అదీ అప్పజెప్పి పోవాలి. లేఆఫ్ మెయిల్ అందుకున్న మన ఐటీ వాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

కట్ అయినవాళ్లలో కొందరు మర్నాడే తిరిగి వస్తారు. 53 మంది లెక్కలోకి రాకుండా జట్టుతో సాధన చేసేవాళ్లు, జట్టుకి 16 మంది చొప్పున, ప్రాక్టీస్ స్క్వాడ్ అని ఒకటుంది. జట్టులో ఉన్న కొత్త ఆటగాడికి 2025లో కనీస జీతం ఏడాదికి 8 లక్షల 40 వేల డాలర్లు, అంటే వారానికి 46 వేల పైన. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కుర్రాడికి వారానికి 13 వేలు. వారానికి 13 వేల డాలర్లు తక్కువా అని మీ పాఠకులు నవ్వుతారని తెలుసు. ఆ కాంట్రాక్టుకి వచ్చే వారం ఉంటుందన్న హామీ లేదు. ఏ మంగళవారమైనా సామాను సర్దుకోమనవచ్చు.

ఈ చవక మనుషుల మీదే సీజన్లు నిలబడతాయి. 2022 ఆగస్టు చివర్లో కౌబాయ్స్ జట్టు తన రిజర్వ్ క్వార్టర్‌బ్యాక్‌లు (బంతి విసురుతూ ఆట నడిపించేవాళ్లు) కూపర్ రష్, విల్ గ్రియర్ ఇద్దరినీ కట్ చేసింది. 53 మందిలో మిగిలిన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒక్కడే. రష్‌ని మళ్లీ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకున్నారు. అది జూదమే. వేరే జట్టు మంచి ధర చెబితే అతను వెళ్లిపోయేవాడు. సెప్టెంబర్ 11న మొదటి మ్యాచ్‌లోనే ప్రెస్కాట్ చేతి బొటనవేలు విరిగింది. తర్వాత రష్ దిగి సిన్సినాటి, న్యూయార్క్ జెయింట్స్, వాషింగ్టన్, లాస్ ఏంజెలెస్ రామ్స్ మీద వరుసగా నాలుగు గెలిపించాడు. ఆ ఏడాది జట్టు 12 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. మేనేజ్‌మెంట్ తెలివి అని పొగిడారు. నేను అదృష్టం అంటాను. ఎందుకంటే 2015లో ఇదే జట్టులో క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో కాలర్‌బోన్ విరిగినప్పుడు వెనక సరైన మనిషి లేడు. బ్రాండన్ వీడెన్, మాట్ కాసెల్, కెల్లెన్ మూర్ ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించారు. నాలుగు గెలుపులు, 12 ఓటములు. ఆ ఏడాది కూడా జట్టు సైజు 53 మందే.

ఇంకో కిటుకు ఉంది, టీవీలో పెద్దగా చెప్పరు. నాలుగేళ్లు, అంతకు మించి ఆడిన సీనియర్ మొదటి మ్యాచ్ నాటికి జట్టులో ఉంటే ఆ ఏడాది జీతానికి పూర్తి రక్షణ వస్తుంది. అందుకని కొన్ని జట్లు అతన్ని ముందు కట్ చేసి, మొదటి మ్యాచ్ అయ్యాక మళ్లీ పిలిచి సంతకం పెట్టిస్తాయి. ఆట అదే, మనిషి అదే, పోయింది అతని భద్రత ఒక్కటే. రూల్ ప్రకారం తప్పేమీ లేదు, నాకు మాత్రం ఇది చేతివాటంలాగే కనిపిస్తుంది.

53 మంది ఉన్నా మ్యాచ్ రోజు డ్రెస్ వేసుకుని ఆడే వీలుండేది గరిష్ఠంగా 48 మందికి. 2023 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కి ఫిలడెల్ఫియాలో ఏమైందో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అప్పటికే ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు ట్రే లాన్స్, జిమ్మీ గరొపొలో గాయాలతో దూరమయ్యారు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ఆఖరి పేరుగా, 262వ ఎంపికగా వచ్చిన బ్రాక్ పర్డీ జట్టుని లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్‌కి ఒక్క మ్యాచ్ దూరం దాకా తెచ్చాడు. ఆ మ్యాచ్‌లో అతని మోచేయి దెబ్బతింది. బదులు వచ్చిన జాష్ జాన్సన్ తలకి దెబ్బ తగిలి బయటికి పోయాడు. బంతి విసరలేని పర్డీనే మళ్లీ దింపారు. 31–7తో ఓడారు. నాలుగు నెలల్లో లీగ్ రూల్ మార్చి, 48 లెక్కలోకి రాని మూడో క్వార్టర్‌బ్యాక్‌ని అత్యవసరంలో వాడుకోనిచ్చింది. అంటే సంఖ్య పెంచడం అసాధ్యమేమీ కాదు. షో చెడిపోతే ఇట్టే పెరుగుతుంది. లైన్‌లో కొట్టుకునే 140 కిలోల మనుషులు అలిసిపోతే షో చెడదు కాబట్టి వాళ్ల బదులు ఆ 48 బయటి నుంచి మనిషిని దింపే రూల్ లేదు.

ఇప్పుడు 18వ మ్యాచ్ సంగతి. దానికి బదులుగా సీజన్‌కి ముందు ఆడే మూడు సన్నాహక మ్యాచ్‌ల్లో ఒకటి తీసేస్తామంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ సన్నాహక మ్యాచ్‌లు స్టార్లవి కావు, వాళ్లు చాలావరకు బయటే కూర్చుంటారు. డ్రాఫ్ట్‌లో పేరు రాని కుర్రాడు కోచ్‌ల కళ్లలో పడేది అక్కడే. కూపర్ రష్ కూడా 2017లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే ఆ సన్నాహక మ్యాచ్‌లు ఆడే జట్టులోకి వచ్చాడు. అంటే ఒకే నిర్ణయంతో రిజర్వ్ ఆటగాళ్ల అవసరం పెంచి, రిజర్వ్ ఆటగాళ్లు దొరికే దారి తగ్గిస్తున్నారు.

జట్టు పెరిగితే ఖర్చు పెరుగుతుందంటారు. 2025లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. కనీస జీతం మీద మరో నలుగురిని తీసుకుంటే అయ్యేది 33.6 లక్షలు, ఆ పరిమితిలో ఒకటింబావు శాతం కూడా కాదు. ధనిక జట్లు మంచి ఆటగాళ్లందరినీ దాచేసుకుంటాయన్న అభ్యంతరంలో కొంత నిజముంది. అయితే జీతాల పరిమితి అందరికీ ఒకటే కదా. కట్ అయిన కుర్రాళ్లని ముందుగా తీసుకునే హక్కు బలహీనమైన జట్లకే ఉంది. ఆ పద్ధతి ముట్టుకోనంత వరకు 57 మంది వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం సగటు కెరీర్ మూడేళ్ల కంటే కాస్త ఎక్కువ. పెన్షన్‌కి అర్హత రావాలంటే మూడు సీజన్లు లెక్కలోకి రావాలి, ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే మూడు మ్యాచ్‌లకి జట్టులో ఉండాలి. ప్రాక్టీస్ స్క్వాడ్ వారాలు మామూలుగా అందులోకి రావు. అంచున ఉన్నవాడికి ఒక్క చోటు పెరగడం ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

సంఘం ఒప్పుకోకుండా 18వ మ్యాచ్ రాదు. 17వ మ్యాచ్‌కి తలుపు తీసిన 2020 ఒప్పందం 1,019–959 ఓట్లతో, అంటే 60 ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆరన్ రాడ్జర్స్, జేజే వాట్ లాంటి స్టార్లు వద్దని బహిరంగంగానే చెప్పారు. అందులో కనీస జీతాల పెంపు ఉండటం చిన్న ఆటగాళ్లకి పెద్ద ఆకర్షణ అయింది. ఈసారి వాళ్ల ముందు మళ్లీ జీతం పెంపు ఒక్కటే పెడతారేమోనని నా అనుమానం. జట్టుకి 57 మంది, మ్యాచ్ రోజు అందరికీ డ్రెస్, ప్రాక్టీస్ స్క్వాడ్ వారాలకి పెన్షన్ లెక్క. ఈ మూడూ రాతపూర్వకంగా రాకుండా సంఘం 18వ మ్యాచ్‌కి సంతకం పెట్టకూడదు. మీ పత్రిక తర్వాతి వార్తలో టీవీ హక్కుల అంకెలతో పాటు ఈ అంకెలు కూడా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్