ఫ్రీ బస్సులో మా షాపుకొచ్చే అక్కలకు

2025 ఆగస్టు 15న మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ చేసిన స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి కర్నూలులోని మా టైలరింగ్ షాపుకు పల్లెల నుంచి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. కోడుమూరు, గూడూరు, వెల్దుర్తి వైపు నుంచి ముగ్గురు నలుగురు కలిసి వస్తున్నారు. అంతకుముందు చాలామంది ఇంటాయన బండి మీద వచ్చేవాళ్లు. ఆయన బయట హారన్ కొడుతుంటే సగం మాట చెప్పి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు మెడ ఎంత లోతుండాలో, చేతులు ఎంత పొడవుండాలో కూర్చుని నిదానంగా చెప్తున్నారు.

2023లో జూన్ 11న కర్ణాటకలో, డిసెంబర్ 9న తెలంగాణలో ఈ సౌకర్యం వచ్చింది. తుంగభద్ర అవతల అలంపూర్ నుంచి వచ్చే కస్టమర్లు బార్డర్ దాకా టికెట్ లేదని చెప్తుంటే, మనవాళ్లు "మాకెప్పుడు?" అని అడిగేవాళ్లు. 2024 ఎన్నికల్లో అదే టీడీపీ కూటమి ఇచ్చిన సూపర్ సిక్స్ అనే ఆరు హామీల్లో ఒకటైంది. దీనివల్ల జరిగిన మేలు నేను రోజూ కటింగ్ టేబుల్ దగ్గర చూస్తున్నా.

తప్పు మాత్రం మా వైపు జరిగింది. "బస్సు ఫ్రీనే కదా, రేపు రండి" అనడం మాకు అలవాటైంది. పత్తి తీసే రోజుల్లో ఒకామె ఒక్క జాకెట్ కోసం మూడుసార్లు తిరిగింది. మొదటిసారి హుక్కులు వేయలేదు. రెండోసారి చంక దగ్గర పట్టేసింది. మూడోసారి చేతికిస్తే, లోపలి వైపు తిప్పి కుట్టంతా వేలితో తడిమి చూసి, "బస్సు ఊరికే గాని అక్కా, కూలి ఊరికే రాదు గదా" అంది. ఆ జాకెట్‌కు డబ్బులు తీసుకోలేదు. ఆమెకు పోయిన మూడు దినాల కూలి ముందు అదెంత!

అందుకే సోమవారం నుంచి పదింటికి కాదు, ఎనిమిదిన్నరకే షాపు తెరుస్తాం. ఆది జాకెట్ తప్పకుండా తెచ్చుకోండి. పని పూర్తయ్యాకే ఫోన్ చేసి రమ్మంటాం. సరిచేసేది ఏమైనా ఉంటే మీరు కూర్చుని ఉండగానే చేసిస్తాం. బాత్రూమ్ తాళం కౌంటర్ పక్క మేకుకు ఉంటుంది, మొహమాటపడొద్దు. ఇందుకోసం ఇంకో మనిషిని పెట్టుకున్నాం కాబట్టి లైనింగ్ జాకెట్‌కు 20 రూపాయలు పెంచక తప్పలేదు. ఇప్పటికే ఇచ్చినవాటికి పాత రేటే.

మీరంతా టౌనుకు వస్తుంటే ఊళ్లో కుట్టే ఆడవాళ్లకు గిరాకీ తగ్గిందని మీరే చెప్తున్నారు. వింటుంటే బాధగా ఉంది. ఫాల్ కుట్టడం, హుక్కులు వేయడం లాంటివి వాళ్లకే ఇవ్వండి. మా షాపు హుక్కుల పని కూడా వాళ్లకే ఇద్దామనుకుంటున్నాం. మీ ఊళ్లో చేసేవాళ్లుంటే, ఈసారి వచ్చేటప్పుడు తోడుగా తీసుకురండి.