వార్షిక నివేదిక 2024-25: మాజీ సైనికుల తరఫున వాదించే ప్రభుత్వ లా ఆఫీసు కోసం ఈ ఏడాది మనం చేసిన పని

సభ్యులందరికీ, వీర నారీమణులకు జైహింద్.

2024 అక్టోబర్ నుంచి 2025 సెప్టెంబర్ వరకు మన మాజీ సైనికుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జెండా వందనాలు, కార్గిల్ విజయ్ దివస్, కంటి పరీక్షల శిబిరం, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు నింపి పెట్టడం ఎప్పటిలాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు. జమాఖర్చులు కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. వాటి గురించి ఇక్కడ ఇంతకంటే రాయను, ఎందుకంటే ఈ ఏడాది మా కార్యవర్గం టైమంతా ఒక్క పనికే పోయింది. మాజీ సైనికుడికి పింఛను దగ్గరో, మెడికల్ బోర్డు దగ్గరో అన్యాయం జరిగితే అతని తరఫున నిలబడి వాదించే ఒక ప్రభుత్వ ఆఫీసు కావాలి, అది ఎలా ఉండాలో రాసి పైకి పంపాలి. ఆ పని ఎందుకు మొదలుపెట్టామో ముందు చెబుతాను.

గత డిసెంబర్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఒక చెల్లెమ్మ మన ఆఫీసుకు వచ్చింది. భర్త నాయక్‌గా రిటైరయ్యి ఊళ్లో జీడి తోట చూసుకుంటూ చనిపోయాడు. ఫ్యామిలీ పింఛను రావడం లేదు. కారణం ఏమిటంటే డిశ్చార్జి బుక్‌లో ఆమె పేరు ఒట్టి లక్ష్మి, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి మహాలక్ష్మి. మనలో సగం మందికి ఈ బాధ ఉన్నదే. పద్దెనిమిదేళ్లప్పుడు భర్తీ అయ్యాం, మన ఇంటిపేరు ముందుంటుందని ఉత్తరాది క్లర్కుకు తెలియదు, పెళ్లయ్యాక భార్య పేరు చెబితే విన్నంత వరకు రాసుకున్నాడు, కుటుంబ వివరాలు రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ అలాగే వెలువడింది, ముప్పై ఏళ్లపాటు దాన్ని ఎవరూ చూడలేదు. నేను హవల్దార్ క్లర్క్‌గా చేసినవాణ్ణి, ఇలాంటి కాగితాలు వందలు నా చేతి మీదుగా పోయాయి, కాబట్టి ఈ మాట బాధ్యతతోనే రాస్తున్నాను.

ఆమె మా దగ్గరికి వచ్చేలోపు ఒక లాయరు ఫీజు తీసుకుని సివిల్ కోర్టులో దావా వేద్దామన్నాడట. నిజానికి ఆ దావా అక్కర్లేదు. ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్, తహసీల్దార్ దగ్గర ధ్రువీకరణ, సైనిక్ సంక్షేమ కార్యాలయం నుంచి లేఖ, ఇవి జోడించి రికార్డ్ ఆఫీసుకు పంపాం, తిరుగు టపాలో ఇంకో కాగితం అడిగారు, అదీ పంపాం. ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలు ఆమె పుట్టింటి వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకుని బతికింది. ఆగస్టులో బకాయితో సహా పడ్డాయని ఫోన్ చేసి ఏడ్చేసింది. మొదటి రోజే సంగతి తెలిసిన లాయరు ఒక్కరు దొరికి ఉంటే ఈ పని ఇంతకాలం పట్టేది కాదు.

రెండోది ఇంకా కష్టమైన కేసు, అది నడుస్తూనే ఉంది. అదే ప్రాంతం కుర్రాడు, సర్వీసులో ఉండగా కిడ్నీ జబ్బు బయటపడింది, లో మెడికల్ కేటగిరీలో, అంటే పూర్తి ఫిట్ కాదని తేల్చాక, ఇంటికొచ్చాడు. బోర్డు కాగితం మీద రాసింది మనందరికీ కంఠతా వచ్చిన వాక్యమే: సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు. అంటే వైకల్య పింఛను లేదన్నమాట. మీ ఏరియాలో ఈ జబ్బు మామూలే కదా అని నోటిమాటగా అన్నారట కూడా. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువన్న మాట నిజమే, దేశమంతా తెలిసిన విషయమే. కానీ ఈ అబ్బాయిని చేర్చుకున్న రోజు డాక్టర్లు పరీక్ష చేసి పూర్తి ఫిట్ అని రాశారు. చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాయకపోతే, అది సర్వీసులో వచ్చినట్టే భావించాలని, కాదంటే కారణం చూపించాల్సిన బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2013 జులైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి, ఎవరికి ఏ నిబంధన వర్తిస్తుందన్నది మళ్లీ వేరే చర్చ. ఇరవై ఆరేళ్ల పిల్లవాడు ఇదంతా తనంతట తాను చదువుకుని అప్పీలు రాసుకోవాలా?

అప్పీళ్లు అయిపోతే వెళ్లాల్సింది సైనికుల సర్వీసు, పింఛను కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు. 2007 చట్టంతో వచ్చింది, 2009లో పని మొదలుపెట్టింది, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచే దిక్కు. మన జిల్లా నుంచి రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అక్కడ ప్రభుత్వం తరఫున వాదించడానికి ప్యానెల్ లాయర్లు ఉంటారు, వాళ్ల ఫీజు ప్రజల డబ్బుతోనే వస్తుంది. మన తరఫున ఎవరుంటారంటే, మనం జేబులోంచి ఇచ్చి పెట్టుకున్న మనిషి. ట్రిబ్యునల్ తర్వాత హైకోర్టుకు వెళ్లే దారి 2015 తీర్పుతో దాదాపు మూసుకుపోయి 2023 మార్చి తీర్పుతో మళ్లీ తెరుచుకుంది, సంతోషమే. అయితే అది ప్రభుత్వానికీ తెరుచుకుంది, ట్రిబ్యునల్‌లో గెలిచినవాడు ఇప్పుడు హైకోర్టులో ఇంకో లాయర్ని వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇంకో సంగతి సభ్యులు తప్పక తెలుసుకోవాలి. వైకల్య పింఛనులో 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, 76 నుంచి పైన ఉంటే 100గా లెక్కించే రౌండింగ్ సర్వీసు పూర్తి చేసి రిటైరైనవాళ్లకు కూడా వర్తిస్తుందని 2014 డిసెంబర్లో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. పదేళ్లు దాటింది. అయినా ఎవరికి వారు ట్రిబ్యునల్‌కు వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది, తీర్పు సంగతే తెలియని పెద్దవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. పైగా ఆలస్యంగా వెళ్లినవాళ్లకు బకాయిలు చాలాసార్లు మూడేళ్లకే ఇచ్చారు, మిగతావి పోయాయి. అంటే తెలియకపోవడం వల్ల ఏటా డబ్బు పోతూనే వచ్చింది. 2024 డిసెంబర్లో ఒక జవాను భార్య మీద కేంద్రం వేసిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసి, ఆమెను కోర్టు దాకా లాగకుండా ఉండాల్సింది అని చెప్పి 50,000 రూపాయలు ఖర్చుల కింద ఇమ్మంది. ఆ వార్త మన గ్రూపులో పెట్టినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత ఆలోచిస్తే, ఆమె భర్త చనిపోయింది 2013లో.

ఇక జులై 26న వచ్చిన మంచి వార్త. కార్గిల్ విజయ్ దివస్ రోజున శ్రీనగర్లో జాతీయ న్యాయ సేవల సంస్థ, మనం నల్సా అంటున్నాం కదా, వీర్ పరివార్ సహాయతా యోజన 2025 ప్రారంభించింది. అప్పటి నల్సా కార్యనిర్వాహక అధ్యక్షులు జస్టిస్ సూర్యకాంత్ గారు మొదలుపెట్టారు. దీని కింద రాజ్య, జిల్లా సైనిక్ బోర్డుల్లో లీగల్ క్లినిక్‌లు పెట్టాలి, సర్వీసులో ఉన్నవాళ్లకూ, మాజీలకూ, కుటుంబాలకూ ఉచితంగా సలహా ఇవ్వాలి. ఇది పెద్ద అడుగు, మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. 1987 న్యాయ సేవల చట్టంలో ఉచిత సాయానికి అర్హులెవరో సెక్షన్ 12లో రాశారు, అందులో మహిళలున్నారు, ఎస్సీ, ఎస్టీలున్నారు, మాజీ సైనికుడు అనే మాట లేదు. పింఛను వస్తోంది కాబట్టి ఆదాయ పరిమితి కింద కూడా చాలామంది రారు. అలాంటిది మనకోసం ప్రత్యేకంగా ఒక పథకం వచ్చింది.

మా కార్యవర్గ సభ్యులు ఇద్దరు ఒక క్లినిక్‌కు వెళ్లి కూర్చుని చూశారు. అక్కడి లాయరమ్మ చాలా మర్యాదగా మాట్లాడారు, భూమి సరిహద్దు తగాదా ఒకటి అప్పటికప్పుడు తేల్చేలా నోటీసు రాసి ఇచ్చారు. మెడికల్ బోర్డు కాగితం చూపిస్తే మాత్రం, ఇది నేను ఎప్పుడూ చూడలేదండీ, చదువుకుని చెబుతాను అన్నారు. నిజాయితీగా చెప్పారు, ఆమెను తప్పు పట్టడానికి లేదు. క్లినిక్ వల్ల సలహా దొరుకుతుంది, ఊళ్లో కేసులకు పనికొస్తుంది. చెన్నై బెంచ్ ముందు మన ఫైలు పట్టుకుని నిలబడాలంటే ఇదే పనిగా చేసే మనిషి కావాలి, జీతం మీద, పూర్తికాలం.

అలాంటిది సాధ్యమేనా అని జనవరి సమావేశంలో సుబేదార్ గారు అడిగారు. ప్రభుత్వ జీతం తీసుకునే లాయరు ప్రభుత్వం మీద వాదిస్తాడా అని ఆయన అనుమానం, సబబైన అనుమానమే. దానికి జవాబు మన జిల్లా కోర్టుల్లోనే ఉంది. నల్సా 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే పద్ధతి తెచ్చింది, క్రిమినల్ కేసులో లాయర్ని పెట్టుకోలేని ముద్దాయి తరఫున పూర్తికాలపు లాయర్లు వాదిస్తున్నారు. ప్రాసిక్యూటర్‌కూ ప్రభుత్వమే ఇస్తుంది, వీళ్లకూ ఇస్తుంది. అదే ఏర్పాటు సైనికుడికీ ఉండాలని మన కోరిక.

బయటి దేశాల సంగతి కూడా మన హైదరాబాద్ మిత్రులు తెలుసుకుని పంపారు. కెనడాలో ఈ పని 1930 నుంచే ఉంది, 1971లో దానికి బ్యూరో ఆఫ్ పెన్షన్స్ అడ్వకేట్స్ అని పేరు పెట్టారు. వైకల్య క్లెయిము తిరస్కరిస్తే ఆ బ్యూరో లాయరే అప్పీలు తయారుచేసి, దాన్ని వినే బోర్డు ముందు వాదిస్తాడు, మాజీ సైనికుడు పైసా కట్టక్కర్లేదు, అతను చెప్పింది లాయరు తన దగ్గరే ఉంచుకోవాలి, శాఖకు చెప్పకూడదు. అమెరికాలో ఇందుకు పూర్తి వేరు కథ: సివిల్ వార్ నాటి 1864 చట్టం ప్రకారం మాజీ సైనికుడి పింఛను కేసులో లాయరు పది డాలర్లకు మించి తీసుకోకూడదు, వాళ్లను దోచుకోకుండా పెట్టిన నియమం అది, కానీ కాలం గడిచాక పది డాలర్లకు లాయరే దొరక్కుండా పోయాడు, 1988 దాకా అలాగే నడిచింది. ఫీజుకు హద్దు పెడితే చాలదని, ఆఫీసు పెట్టి మనిషిని కూర్చోబెట్టాలని మాకు దీంతో ఇంకా గట్టిగా అనిపించింది.

కెనడా బ్యూరోను 1995లో మాజీ సైనికుల శాఖలోనే కలిపేశారు, అది మాత్రం మనకు వద్దు. మన వినతిపత్రంలో మొదటి మాట అదే: ఆఫీసు రక్షణ శాఖ కింద ఉండకూడదు, నల్సా కిందో, న్యాయ శాఖ కిందో ఉండాలి. ప్రతి ట్రిబ్యునల్ బెంచ్ దగ్గర దీని లాయర్లు ఉండాలని, జిల్లా సైనిక్ బోర్డులో తీసుకున్న ఫైలు నేరుగా వాళ్లకు వెళ్లాలని, మెడికల్ బోర్డు కాగితాలు చదవగల రిటైర్డ్ ఆర్మీ డాక్టర్ ఒకరు ఆఫీసులో ఉండాలని అడిగాం. ఒక తీర్పు అందరికీ వర్తించేదైతే, అర్హులందరి జాబితా తీసి శాఖకు పంపే అధికారం కూడా ఆ ఆఫీసుకు ఉండాలని రాశాం, రామ్ అవతార్ తీర్పు తర్వాత జరిగింది చూశాక ఇది తప్పదు. యూనిఫాంలో ఉన్నవాడు లేకుండా సివిల్ కేసులు తేల్చేయకూడదని 1925లోనే సైనికుల లిటిగేషన్ చట్టం చేశారు, యూనిఫాం విప్పాక వచ్చే కేసులకు ఇన్నేళ్లయినా అలాంటి ఏర్పాటు లేదు. వినతిపత్రం ఢిల్లీలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగానికీ, నల్సాకూ, ఎంపీ గారికీ పంపాం. ఎంపీ గారి ఆఫీసు నుంచి అందిందని జవాబు వచ్చింది. మిగతా రెండు చోట్ల నుంచి ఇంకా రాలేదు, గుర్తు చేస్తూ రెండోసారి రాశాం.

అనుకుని చేయలేకపోయినవీ ఉన్నాయి. మండలానికి ఒకరిని పెట్టి ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి కాగితాలు చూద్దామనుకున్నాం, మూడు మండలాల్లోనే కుదిరింది. నడవలేని ఒక పెద్దాయన పెట్టెలో, వైకల్యం 30 శాతం అని రాసిన బోర్డు కాగితం దొరికింది, ఆయన జీవితంలో దాన్ని ఎవరికీ చూపించలేదు. ఆయన ఫైలు తయారవుతోంది. మిగతా మండలాలకు వచ్చే ఏడాది వెళ్లాలి, బండి ఉన్న చిన్నవయసు సభ్యులు పేర్లివ్వండి.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు డిశ్చార్జి బుక్, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు), మెడికల్ బోర్డు కాగితాలు ఉంటే వాటి జిరాక్సులు తీసుకురండి. ఆధార్‌లోని పేరు, డిశ్చార్జి బుక్‌లోని పేరు ఒక్కటేనా అని ఇంట్లో కూర్చుని ఈ వారమే చూసుకోండి, ముఖ్యంగా భార్య పేరు. తేడా ఉంటే మీరు బతికుండగానే సరిచేయించడం సులువు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా.

మీ కార్యదర్శి