వాంతి రాలేదని, జ్వరం లేదని ఇంటికి పంపొద్దు

సంపాదకులకు,

దసరా, పెండ్లిళ్ల సీజన్‌కు ముందే, ప్రాడర్-విల్లీ అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు గురించిన ఈ మాట నల్లగొండ, పాలమూరు ఆస్పత్రుల క్యాజువాలిటీల దాకా చేరాలని ఈ ఉత్తరం.

ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ 15 వేల నుంచి 20 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. 15వ క్రోమోజోమ్‌లో తండ్రి వైపు నుంచి పనిచేయాల్సిన జన్యువులు పనిచేయవు. పుట్టినప్పుడు పాలు కూడా చీకలేని పసిబిడ్డ, కొన్నేండ్లకు ఎంత తిన్నా ఆకలి తీరని పిల్లాడవుతాడు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందదు. అది తిండిపోతుతనం కాదు, పెంపకంలో లోపం అంతకన్నా కాదు.

ఈ పిల్లలు పెద్దయ్యాక వచ్చే ప్రమాదాల్లో మనవాళ్లకు బొత్తిగా తెలియనిది కడుపు ఉబ్బు. దావత్‌లో అందరి కన్నూ తప్పించి ఒక్కపెట్టున తింటే, అసలే నెమ్మదిగా ఖాళీ అయ్యే జీర్ణాశయం బెలూన్‌లా సాగుతుంది. గోడకు రక్తం అందక కుళ్లి చిల్లి పడొచ్చు. బరువు తగ్గి సన్నబడ్డవాళ్లకూ ఇది జరుగుతుంది. వీళ్లకు నొప్పి సరిగ్గా తెలియదు. వాంతి అరుదు. ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అందుకే పొట్ట నొక్కి చూసి, 'నొప్పి లేదు' అనగానే గ్యాస్ గోలీ ఇచ్చి పంపడం ప్రాణాంతకం. ఎన్నడూ కక్కనివాడు కక్కినా, ఎన్నడూ తిండి కాదననివాడు 'వద్దు' అన్నా, పొట్ట బిగిసినా వెంటనే ఎక్స్‌రే తియ్యాలి, అనుమానం తీరకుంటే సీటీ స్కాన్. ముక్కు గొట్టం వేసి కడుపు ఖాళీ చెయ్యాలి, సర్జన్‌ను అప్పుడే పిలవాలి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం మాత్రం అస్సలు చెయ్యొద్దు.

గొంతుకు అడ్డం పడటం ఇంకో గండం. గబగబా మింగుతారు, లాలాజలం చిక్కగా తక్కువగా ఉంటుంది. ఉడికిన గుడ్డు, మటన్ ముక్క, సర్వపిండి చిన్నచిన్నగా చేసి, మధ్యమధ్య గుక్కెడు నీళ్లిస్తూ, ఎదురుగా కూర్చుని తినిపించాలి.

లావు పెరిగితే షుగర్, నిద్రలో ఊపిరి ఆగడం, కాళ్ల వాపు, చివరికి గుండె, ఊపిరితిత్తుల వైఫల్యం వస్తాయి. కొద్దిరోజుల్లోనే బరువు పెరిగి, పిక్కను వేలితో నొక్కితే గుంట పడిందంటే అది కొవ్వు కాదు, నీరు. డైటింగ్ చెప్పి పంపకుండా గుండె పరీక్షలు చేయించాలి. నిద్ర మందులు, ఆపరేషన్ మత్తు మందు ఇచ్చే ముందు నిద్రలో ఊపిరి ఆగే సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి.

మన జిల్లాలో నడుం వంగితే అందరూ ఫ్లోరైడ్ అనేస్తారు. ఈ జబ్బులో వెన్ను పక్కకు వంగుతుంది, సెక్స్ హార్మోన్లు తక్కువవడంతో ఎముకలు గుల్లబారతాయి. ఫ్లోరైడ్‌తో దెబ్బతిన్న ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది, ఇక్కడ పలచబడుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేస్తే తేలిపోతుంది. నొప్పి తెలియదు కనుక విరిగిన కాలితోనే నడిచేస్తుంటారు.

తిండి లెక్క ఇంటివాళ్లకు కష్టమే. కండ తక్కువ కావడంతో, పెద్దవాళ్లకు బరువు అదుపులో ఉండాలంటే రోజుకు 1000 నుంచి 1200 కేలరీలే. 50 గ్రాముల పిండితో చేసిన జొన్న రొట్టె ఒక్కటే దాదాపు 170. బియ్యం డబ్బాకు, ఫ్రిజ్‌కు తాళం వేయడం క్రూరత్వం కాదు, వైద్యంలో భాగం. 'పాపం, ఇంకో ముద్ద పెట్టుండ్రి' అనే చుట్టాలకు ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. తిండి ఏ టైముకు, ఎంత అన్నది గోడమీద రాసిపెడితే పేచీలు తగ్గుతాయి.

బుద్ధిమాంద్యం అన్న ముద్రతో జబ్బు పేరే తెలియకుండా పెరిగినవాళ్లు మన ఊళ్లలో ఉండొచ్చు. పసితనంలో ఒళ్లు మెత్తబడి పాలు తాగకపోవడం, అరచేతులు, పాదాలు చిన్నగా ఉండటం, యుక్తవయసు లక్షణాలు పూర్తిగా రాకపోవడం, తీరని ఆకలి కలిస్తే డీఎన్ఏ మిథైలేషన్ అనే రక్తపరీక్ష చేయించాలి. 99 శాతానికి పైగా కేసులు దాంతోనే తేలతాయి. అరుదైన వ్యాధులకు 2021 జాతీయ విధానం కింద సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ), నిమ్స్ ఆస్పత్రి కలిసి హైదరాబాద్‌లో కేంద్రంగా ఉన్నాయి, అక్కడ అడగొచ్చు.

ఇప్పటికే పేరు తెలిసినవాళ్ల జేబులో తెలుగులో ఒక కార్డు ఉండాలి: 'ప్రాడర్-విల్లీ. నొప్పి, జ్వరం, వాంతి లేకున్నా సీరియస్ కావొచ్చు. కడుపు ఉబ్బితే వెంటనే ఎక్స్‌రే తీసి సర్జన్‌ను పిలవండి. మత్తు మందు జాగ్రత్త.' కింద ఇంటివాళ్ల ఫోన్ నంబరు.

– ఒక వైద్యుడు, దేవరకొండ