ఇంజెక్షన్లు రాలేదు, జవాబూ లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ మందుల యాప్‌లో నా కంప్లయింట్ పక్కన ‘పరిష్కరించబడింది’ అని పచ్చగా మెరుస్తోంది. ఎవరు, ఏం పరిష్కరించారో చెబితే విని సంతోషిస్తాను.

నాకు ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ జరిగింది, అంటే గడ్డకట్టించి దాచిన పిండాన్ని గర్భసంచిలో పెట్టారు. గర్భసంచిని బయటి హార్మోన్లతో సిద్ధం చేసే పద్ధతి నాది. ఇందులో అండం విడుదల కాదు, కాబట్టి గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఒంట్లో తయారు కాదు. బయట నుంచి వేసుకునేదే దిక్కు. ప్రెగ్నెన్సీ నిలిస్తే మాయ (ప్లాసెంటా) ఆ పని అందుకునేదాకా, అంటే సుమారు 10-12 వారాల దాకా, డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. మీ పార్సిల్‌లో ఇంకో హార్మోన్ ఈస్ట్రడయాల్ మాత్రలు వచ్చాయి, ఫేస్‌వాష్ కూపన్ వచ్చింది. బిల్లులో ఉన్న ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లు మాత్రం లేవు.

ఇదంతా మొదట ఫోనెత్తిన అమ్మాయికి చెప్పాను. ఓపిగ్గా విని, “స్టాక్ వచ్చాక వాడుకోండి మేడమ్” అంది.

తర్వాతి అబ్బాయి ఫోటో పెట్టమన్నాడు. రాని ఇంజెక్షన్లకు ఫోటో ఎట్లా తీయాలి? ఖాళీ డబ్బా తీసి పెట్టాను. ‘ఫోటోలో ప్రొడక్టు కనిపించడం లేదు’ అని మెసేజ్ వచ్చింది.

ఇంకొకాయన “ఇవి దేనికి మేడమ్?” అన్నాడు. హాల్లో చుట్టాలు కూర్చుని ఉండగా గొంతు తగ్గించి చెప్పాను. “కొంచెం గట్టిగా చెప్పండి” అన్నాడు. చెప్పాక వేరే డిపార్ట్‌మెంట్‌కు కలిపాడు. అక్కడ మీ పాట వస్తుంది. నాకిప్పుడు అది నోటికొచ్చు.

అందరికంటే ఘనుడు చివరాయన. “డైడ్రోజెస్టిరాన్ మాత్రలు స్టాక్ ఉన్నాయి, సేమ్ మేడమ్, అవే వేసుకోండి” అన్నాడు. అదీ ఈ ట్రీట్‌మెంట్‌లో వాడే మందే, కాదనను. కానీ నా రక్తంలో ప్రొజెస్టిరాన్ తక్కువుందని రిపోర్టు చూసి మా డాక్టరమ్మ ఇంజెక్షన్ కలిపారు. ఆమె రాసిన చీటీని దిద్దడానికి ఈయనెవరు?

ఆ రాత్రి వానలో మా ఆయన హన్మకొండ చౌరస్తా నుంచి షాపు షాపూ అడుగుతూ వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి దాకా పోయారు. షట్టర్ సగం దించిన ఒకాయన చీటీ చూసి, మళ్లీ ఎత్తి, ఉన్నవి చేతిలో పెట్టి, మిగతావి పొద్దున తెప్పిస్తానన్నాడు. ఆయన దగ్గర మాకు గోల్డ్ మెంబర్‌షిప్ లేదు లెండి.

మా అత్తమ్మ బీపీ, షుగర్ మందులు కూడా మీ దగ్గరే కొంటాం. మా కాలనీలో సగం ఫోన్లలో మీ యాప్ వేయించింది నేనే. ఇప్పుడు తీయించేదీ నేనే.

డబ్బులు ఎట్లాగూ వెనక్కివ్వాలి. దాంతో చేతులు దులుపుకుంటామంటే కుదరదు. మందు మార్చుకోమని సలహా ఇచ్చిన కాల్ రికార్డింగ్ బయటికి తీయండి, ఎవరు చెప్పమన్నారో రాతపూర్వకంగా చెప్పండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాస్తాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. మీ లాయరే రైలెక్కి కాజీపేటలో దిగుతాడు.

నా బీటా రిపోర్టు, అదే గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష, ఏమొచ్చిందో మీకు అనవసరం. ఈసారి మనిషి జవాబివ్వాలి. కూపన్ పంపితే అదే కవర్‌లో తిరిగొస్తుంది.

ఇట్లు,
మీ గోల్డ్ మెంబర్ (ఈ నెలాఖరు దాకా),
హన్మకొండ