కోరల్ ముడుచుకుంటే ముందు బిందెలో నీళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియాలు కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ కోరల్ (పగడపు జీవి) రెండు రోజులు ముడుచుకుంటే చాలు, షాపులోనూ యూట్యూబులోనూ దొరికే సలహా ఒక్కటే: సగం నీళ్లు మార్చండి, కాల్షియం సీసా పోయండి. పుండు ఒకచోట, మందు ఒకచోట. మన దగ్గర కాల్షియం చాలక చచ్చే కోరల్స్ బహు తక్కువ. ఎందుకో చెప్పాలంటే ముందు చట్టం సంగతి ఎత్తాలి.

రాతి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ, వాటితోపాటు సీ ఫ్యాన్లు, బ్లాక్ కోరల్, ఫైర్ కోరల్, సముద్రపు గుర్రాలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి ఎక్కాయి. వాటిని కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. షోకేసులో పెట్టుకునే చచ్చిన తెల్ల పగడపు కొమ్మకూ ఇదే వర్తిస్తుంది. (ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరు, అది మధ్యధరా సముద్రపు జాతి.) కాబట్టి మన ఇళ్లలో ఉండాల్సినవి మష్రూమ్, జోయాంథస్, లెదర్ లాంటి మెత్తటి రకాలే. అవి కొనేటప్పుడు కూడా బిల్లు, దిగుమతి కాగితాలు అడగాలి. వీటిలో మష్రూమ్, జోయాంథస్‌లకు సున్నపు ఎముకే లేదు. లెదర్ ఒంట్లో ఉండేవి ఇసుక రేణువుల్లాంటి సున్నపు పలుకులు. ఇవి వాడుకునే కాల్షియం ఎంతని? వారానికి 10 శాతం నీళ్లు మార్చితే అందులోంచే సరిపోతుంది. సీసా అక్కర్లేదు.

మరి తేడా ఎక్కడ? నూటికి తొంభై సందర్భాల్లో ట్యాంకులో పోస్తున్న నీళ్లలో అనేది నా అభిప్రాయం.

వంటింటి ఆర్వో నీళ్లు స్వచ్ఛమైనవని అందరి నమ్మకం. తాగడానికి మంచివే. కానీ రుచి కోసం ఆ మెషీన్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. మెంబ్రేన్ (ఆర్వో వడపోత పొర) దాటిన నీళ్లలో ఆర్వో చేయని నీళ్లను అది కొంత కలుపుతుంది. చాలావాటిలో పైన ఒక మినరల్ కాట్రిడ్జ్ కూడా ఉంటుంది. టీడీఎస్ మీటరు ముంచి చూడండి, 60, 80, ఒక్కోసారి 120 చూపిస్తుంది. కోరల్ ట్యాంకుకు కావాల్సింది సున్నా. ఆ 80లో బోరు నీళ్ల నైట్రేటు, సిలికా, ఫాస్ఫేటు అన్నీ ఉండొచ్చు. తాగేనీటికి నైట్రేటు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. మనకు ఫర్వాలేదు గానీ ట్యాంకు లెక్క వేరు. ట్యాంకులోంచి ఆవిరయ్యేవి ఒట్టి నీళ్లే, అందులో ఉన్నవన్నీ వెనకే మిగిలిపోతాయి. లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేటున్న నీళ్లను 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 5 లీటర్ల చొప్పున పోస్తే, చేపల వ్యర్థాలతో నిమిత్తం లేకుండానే నెలకు 7.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పోగవుతుంది. ఆరు నెలలయ్యాక, మేత తగ్గించినా నైట్రేటు దిగడం లేదేమిటని తల పట్టుకుంటారు.

మార్గం కష్టమేమీ కాదు. టీడీఎస్ కంట్రోలర్ పూర్తిగా కట్టేసి, మినరల్ కాట్రిడ్జ్‌కు ముందు నుంచి పైపు తీసుకుని, దాని చివర, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కాట్రిడ్జ్ ఒకటి తగిలించాలి. బోరు నీళ్లలో టీడీఎస్ 800 ఉందనుకోండి. మెంబ్రేన్ 95 శాతం ఆపినా 40 మిగులుతుంది, ఆ 40 రెజిన్ నెత్తిన పడుతుంది. అదే నల్లా నీళ్లు 200 అయితే 10 మాత్రమే, రెజిన్ నాలుగింతలు మన్నుతుంది. మీటరు సున్నా నుంచి 1కి, 2కి కదిలిందంటే రెజిన్ మార్చేయాలి. మీటరు కదలకముందే సిలికా దాటుకు వస్తుంది, ఇసుక మీద గోధుమరంగు పొడి మళ్లీ కనిపించడం దాని గుర్తు. ఇంకొకటి: ఆర్వో చాలాసేపు ఆగి మళ్లీ మొదలైనప్పుడు మొదటి నాలుగైదు నిమిషాలు టీడీఎస్ ఎక్కువగా వస్తుంది. ఆ నీళ్లు మొక్కలకు పోసేయండి.

విశాఖలో కొందరు బీచ్ నుంచి క్యాన్లతో సముద్రం నీళ్లే తెచ్చుకుంటారు. వర్షాకాలం చివర, అంటే అక్టోబరు, నవంబరుల్లో, గంగ, మహానది వరదనీరు కలిసి మన తీరంలో పైపొర ఉప్పదనం వెయ్యికి 30 లోపుకు దిగిపోతుంది. ట్యాంకుకు కావాల్సింది 35. హార్బరు నూనె, మురుగు కాలువల సంగతి సరేసరి. ఇక కల్లుప్పు కలిపి సముద్రం తయారు చేసేవాళ్లూ ఉన్నారు. నౌపడా ఉప్పు మడుల్లోనైనా మరెక్కడైనా, నీళ్లు ఎండేటప్పుడు సున్నం, జిప్సం ముందే అడుగున దిగిపోతాయి. ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం ఆ మిగిలిన చేదు నీళ్లతో బయటికి పోతుంది. కూరకు పనికొచ్చేది ఆ మధ్యలో దొరికిన సోడియం క్లోరైడ్ ఒక్కటే. దాంట్లో కోరల్ బతకదు. సముద్రపు లవణాలు కలిపి అక్వేరియాల కోసం తయారుచేసే సింథటిక్ సీ సాల్టే వాడాలి, అదీ నీళ్లలో ఉప్పు వేస్తూ కలపాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున గాఢత పెరిగి సున్నం తెల్లగా విడిపోతుంది, మళ్లీ కరగదు.

ఉప్పదనం కొలిచే ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్లను నమ్మకండి. ముల్లుకు ఒక్క గాలి బుడగ అంటుకున్నా అది పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. మీరు మంచినీళ్లు కలుపుతూ పోతారు. రిఫ్రాక్టోమీటర్ (నీటి చుక్కలో వెలుతురు వంగడాన్ని బట్టి ఉప్పదనం చూపే పరికరం) మేలు, కానీ దాన్నీ ఒట్టి నీటితో సున్నాకు తిప్పి వదిలేస్తే 35 దగ్గర తప్పొచ్చు. 36.5 గ్రాముల వంట ఉప్పును (సీ సాల్టు కాదు) 963.5 గ్రాముల ఆర్వో నీళ్లలో కలపండి. గాజు పలక మీద రెండు చుక్కలు వేసి, మూత మెల్లగా వాల్చి, బుడగ లేకుండా చూసి, అర నిమిషం ఆగి, వెలుతురు వైపు పెట్టి చూడండి. నీలం, తెలుపు కలిసే గీత సరిగ్గా 35 మీద ఉండాలి. లేకపోతే మర తిప్పి అక్కడికి తేవాలి.

వేసవిలో ఎక్కువ ట్యాంకులు పోయేది ఈ ఉప్పదనం దగ్గరే. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 5 లీటర్లు ఆవిరైతే, మూడు రోజులు పట్టించుకోకపోతే 35 కాస్తా దాదాపు 38 అవుతుంది. తగ్గిన నీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోస్తే వారంలో 41 దాటుతుంది. ఆవిరైన దానికి మంచినీళ్లే, రోజూ. ఇప్పటికే పెరిగిపోయి ఉంటే ఒక్క పూటలో దించకండి, రోజుకు 1 చొప్పున చాలు. వేడి విషయానికొస్తే 25–26 డిగ్రీలు మంచిది, 30 దాటితే కోరల్ తనలోని నాచును ఉమ్మేయడం మొదలుపెట్టొచ్చు. హైదరాబాదు పొడి వేసవిలో నీళ్ల మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విశాఖ ఉక్కలో ఆ ఉపాయం పెద్దగా పారదు, నీళ్లు చల్లబరిచే చిల్లరు కొనాల్సిందే. చిల్లరును మూసిన క్యాబినెట్లో పెట్టి దాని వేడి గాలి దానికే తగిలేలా చేస్తే డబ్బు దండగ. కరెంటు పోయినప్పుడు లైట్లు కాదు, నీళ్ల కదలిక ముఖ్యం. ఒక్క వేవ్‌మేకర్ (నీళ్లు కదిలించే పంపు) అయినా ఇన్వర్టరు మీద ఉండాలి.

కోరల్‌ను చూసి ఏమైందో చెప్పడం నేర్చుకోవచ్చు. రంగు పోయి గాజులా తెల్లబడినా కండ ఉంటే అది బ్లీచింగ్: వేడి, లేదా కొత్త ఎల్‌ఈడీ లైటును మొదటి రోజే వంద శాతం పెట్టడం. లైటు 30 శాతంతో మొదలెట్టి వారానికి అయిదు శాతం చొప్పున పెంచాలి. కండే కరిగి రాలుతుంటే అది వేరే కథ, అమ్మోనియా, ఉప్పదనం వెంటనే కొలవాలి. పీహెచ్ 8.2 దగ్గర అమ్మోనియాలో విషపు వాటా పీహెచ్ 7 ఉన్న మంచినీటి ట్యాంకులో కంటే పదింతలకు పైనే. లెదర్ కోరల్ మాత్రం నాలుగైదు రోజులు మూసుకుని మైనం పూసినట్టు మెరుస్తుంటే భయపడొద్దు, అది పొర విడుస్తోంది. కాస్త ప్రవాహం తగిలేలా చేసి వదిలేయండి. జోయాంథస్ ఒక్కటే మూసుకుని మిగతావి బాగుంటే, రాత్రి లైట్లు ఆరిన గంటకు టార్చి వేసి దాని కాడల మధ్య చూడండి. దాని రంగులోనే ఉండే చిన్న నత్త లాంటి పురుగు దొరకొచ్చు.

ఇసుక మీద గోధుమరంగు పేరుకుంటే దాని పేరు తేలాకే వైద్యం. కొంచెం తీసి సీసాలో వేసి గట్టిగా కుదిపి, టిష్యూ కాగితంలో వడగట్టి, ఆ తేరిన నీళ్లను గంటసేపు లైటు కింద ఉంచండి. మళ్లీ చీమిడి తీగల్లా కలుసుకుంటే అవి డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు. అవి ఎక్కువగా వచ్చేది నీళ్లు మురికై కాదు, మరీ శుభ్రమై: ఫాస్ఫేట్ రిమూవర్ అతిగా వాడి నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు దించిన ట్యాంకుల్లో. అక్కడ నీళ్లు మార్చడం గోరుచుట్టు మీద రోకటిపోటే. మెత్తటి కోరల్స్‌కు నైట్రేటు 5–10, ఫాస్ఫేటు 0.05 దరిదాపుల్లో ఉండటం మంచిది. నైట్రేటు కిట్టు సున్నా చూపినా ఒక అనుమానం ఉంచుకోండి. రెండు సీసాలతో వచ్చే కిట్లలో రెండో సీసా మందు అడుగున దిగిపోతుంది. అర నిమిషం గట్టిగా కుదపకపోతే తక్కువే చూపిస్తుంది.

సగం నీళ్లు ఒకేసారి మార్చడంలో మరో చిక్కు. కొన్ని సాల్ట్ మిక్స్‌ల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, దాని కొలత డీకేహెచ్) 11 డీకేహెచ్ ఉంటుంది, మీ ట్యాంకులో 7 ఉంటే ఒక్క దెబ్బకు 9 అవుతుంది. ఆ కుదుపే కోరల్‌కు జబ్బు. పైగా 40 ఉన్న నైట్రేటు 20కే దిగుతుంది. నాలుగు వారాల్లో వారానికి 25 శాతం చొప్పున మార్చితే 13 దగ్గరికి వస్తుంది, ఎవరికీ తెలియకుండా.

అమెరికాలో, ఇతర దేశాల్లో చట్టబద్ధంగా పెంచిన గట్టి కోరల్స్ ఉన్న తెలుగువాళ్లకు మాత్రం ఆల్కలినిటీ రోజూ కొలవాల్సిన అంకె. కోరల్ 20 పీపీఎం కాల్షియం వాడితే 2.8 డీకేహెచ్ ఖర్చవుతుంది. కాల్షియం 420లో 20 పోతే కిట్టుకు కనపడదు, ఆల్కలినిటీ 8లో 2.8 పోతే కోరల్‌కు తెలుస్తుంది. 100 లీటర్లకు 3 గ్రాముల తినే సోడా (బేకింగ్ పౌడర్ కాదు) 1 డీకేహెచ్ పెంచుతుంది. రోజుకు అంతకు మించొద్దు. కాల్షియం మందు అదే నిమిషంలో పోస్తే నీళ్లు పాలలా విరుగుతాయి. రెండూ ఎంత పోసినా నిలవకపోతే మెగ్నీషియం చూడండి, 1250 కంటే తగ్గి ఉండొచ్చు.

మన ఇళ్లకే ప్రత్యేకమైన శత్రువు దోమల మందు. లిక్విడ్ మెషీన్లలో, స్ప్రేల్లో ఉండే పైరిథ్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు, పీతలకు తీవ్ర విషం, బుడగలతో నీళ్ల మురికి తీసే స్కిమ్మర్ యంత్రమేమో గదిలోని గాలినే పీలుస్తుంది. ట్యాంకున్న గదిలో అవి వాడకండి, లేదా స్కిమ్మర్ గాలి గొట్టం కిటికీ బయటికి పెట్టండి. ఏసీ గదిలో తలుపులన్నీ మూసి పడుకుంటే పీహెచ్ 7.8కి దిగడానికి కూడా గాలే కారణం. గిన్నెడు ట్యాంకు నీళ్లను బాల్కనీలో గంటసేపు ఎయిర్ పంపుతో బుడగలు కొట్టించి కొలవండి. పెరిగితే గదిలోని కార్బన్ డయాక్సైడే, పీహెచ్ పెంచే సీసా కొనక్కర్లేదు. చేపల తెల్లమచ్చలకు రాగి మందు కోరల్ ట్యాంకులో ఎప్పటికీ వేయొద్దు. రాళ్లు పీల్చుకుని నెలల తరబడి వదులుతుంటాయి.

ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో వేసినా తప్పులేదు. జోయాంథస్ జాతుల్లో కొన్నింటిలో, ముఖ్యంగా పాలీథోవాలో, పాలీటాక్సిన్ అనే భయంకర విషం ఉంటుంది. వాటితో కప్పిన రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఉడికించినా, మరిగే నీళ్లు పోసినా, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి. ఉడికించొద్దు, పొడిగా గీకొద్దు, చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా కోయొద్దు. ఊపిరాడకపోయినా, జ్వరం వచ్చినా డాక్టరుకు ఆ పేరు చెప్పాలి.

అమ్మేవాళ్లకు ఒక విజ్ఞప్తి. ఉప్పు ఖర్చు కలిసొస్తుందని చాలా షాపుల్లో ట్యాంకుల సాంద్రత 1.020 దగ్గరే ఉంచుతారు. ఇంటి ట్యాంకులో 1.026 (అంటే ఉప్పదనం 35) ఉంటుంది. ఆ తేడా తెలియక సంచి విప్పి వదిలేస్తే మర్నాటికి కోరల్ ముడుచుకుంటుంది, కొన్నవాళ్లు మళ్లీ మీ దగ్గరికే సీసా కోసం వస్తారు. ప్రతి సంచి మీద జాతి పేరు, మీ ట్యాంకు ఉప్పదనం, ఉష్ణోగ్రత స్కెచ్ పెన్నుతో రాసివ్వండి. కొనేవాళ్లు ఆ మూడూ లేని సంచిని తీసుకోకండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం